లంకగడ్డి నెయ్యి

రెల్లులంక,
కొత్తపేట దగ్గర,
2008 జూన్ 14.

అమ్మాయ్ భవానీ,

తాతను రాస్తున్నాను. ఎవరిచేతా రాయించలేదు. రెండో తరగతితో బడి మానేసినవాడి చేతిరాత ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, నవ్వకు. మీ అమ్మ ఆదిలక్ష్మి సెల్లులో నీతో మాట్లాడబోతే నీకు ఒక్క ముక్కా వినబడటం లేదట. "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తున్నావట. వినబడనివాళ్ళకి ఉత్తరమే గతి. నాకు డెబ్భయ్యారు వచ్చినా చూరులో ఎలక కదిలితే వింటాను. నీకు పాతికేళ్ళకే ఈ చెవుడేమిటో నాకు అంతుపట్టదు.

అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ తోలే ధనరాజు విశాఖపట్నం వచ్చినప్పుడల్లా నీ హాస్టల్లో నెయ్యి డబ్బా ఇచ్చి వస్తున్నాడు కదా. మొన్న మన అరుగు మీద కూర్చుని ఒక మాటన్నాడు. "చిన్నబ్బాయిగారూ, కోప్పడకండి. మీ మనవరాలు మెట్లు దిగుతుంటే చూసేనండి. బురదలో కోడి నడిచినట్టు కాలు ఎత్తెత్తి వేస్తందండి" అన్నాడు. "నీ లారీ సంగతి చూసుకోరా" అని తిట్టి పంపించాను. ఏమిటది? దాచకు. నా దగ్గర దాచేవాళ్ళంటే నాకు మంట.

కాళ్ళలో సత్తువ లేదంటే నెయ్యి చాలనట్టే. ఈసారి పెద్ద డబ్బా పంపుతున్నాను. ఊళ్ళోవాళ్ళు గేదెలకి ఎండుగడ్డీ తవుడూ పడేసి పాలు పిండుకుంటారు. మన గేదె గోదారి లంకలో పచ్చగడ్డి తప్ప ముట్టదు. అందుకే మన వెన్న కాస్తుంటే రేవు దాకా వాసన. ముద్దముద్దకీ వేసుకో.

మీ చెల్లెలు లావణ్య బాగానే ఉంది. ఇంటరు రెండో ఏడులోకి వచ్చింది. మొన్న దీపాలవేళ పాలచెంబుతో వస్తూ గట్టు మీద నుంచి కాలవలోకి జారింది. కింద చూసి నడవదు, మేఘాలు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. దెబ్బ తగల్లేదు, పాలు పోయాయి. దానికీ నెయ్యి ఎక్కువ చేయించాను.

మీ తాత
చిన్నబ్బాయి

*

విశాఖపట్నం,
2008 జూలై 6.

తాతయ్యగారికి,

భవాని నమస్కారాలు. ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చుని రోజంతా ఎవరెవరి శుభలేఖలో కూర్చేదాన్ని, నా పేర ఒక ఉత్తరం వచ్చేసరికి పని ఆపి మూడుసార్లు చదువుకున్నాను.

దాచవద్దన్నారు కాబట్టి రాస్తున్నాను. ధనరాజు చెప్పింది నిజమే. కొంతకాలంగా అరికాళ్ళు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియదు. ఇక్కడ ఒక డాక్టరు నా మోచేతి వెనక తడిమి, నరం తాడులా లావెక్కిందనీ, చర్మం పొలుసులు లేస్తోందనీ, ఇది పెద్దరోగమే, కుష్టేననీ అన్నారు. ఆ రోగం మాత్రలు చాలాకాలం మింగాను. మీకు రాయడానికి చెయ్యి రాలేదు. మాత్రలు అయిపోయాయి, కాళ్ళు ఇంకా బరువెక్కాయి.

ఇప్పుడు వేరే డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాను. పేరు శారోన్. మన రాజోలు ఆవిడే. నాకు వినబడదని అన్నీ కాగితం మీద రాసి చూపిస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళకి బిడ్డను చూసే స్కానింగు ఉంది కదా, అదే మిషనుతో చేతిలో నరాన్ని చూశారు. ఇలా చూడవచ్చని నాకు తెలియదు. చల్లటి జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరాన్ని మణికట్టు నుంచి భుజం దాకా జరిపారు. సూది లేదు, నొప్పి లేదు. పోలిక తెలియాలని ముందు తన చెయ్యి పెట్టి చూపించారు. అరటి డొప్పను అడ్డంగా కోస్తే గళ్ళు గళ్ళుగా ఉంటుంది చూశారా, మంచి నరం అలా ఉంటుంది. నాది ఆ గళ్ళన్నీ ఉబ్బిపోయి రెండింతలుంది. పెద్దరోగంలో మోచేతి దగ్గర బాగా ఉబ్బి, మిగతా చోట్ల తగ్గుతుందట. నాకు చెయ్యి పొడవునా ఒకే తీరు. "ఇది క్రిమి పని కాదు. ఒంట్లో ఏదో అరగక నరాల్లో పేరుకుంటోంది" అని రాశారు. అదేమిటో తేల్చడానికి నెత్తురు తీసి పైరాష్ట్రం పంపారు.

ఆవిడ నన్ను అడిగినవే లావణ్య గురించి మిమ్మల్ని అడుగుతున్నాను. అది జారింది ఒక్కసారేనా? మసకవేళ తడుముకుంటోందా? దానికి వాసనలు తెలుస్తాయా? నాకు ఏనాడూ తెలియవు. ఎండుచేపలు కడగాలంటే అందరూ పారిపోయేవారు, నేను కూర్చునేదాన్ని. "దీనికి అసహ్యం లేదు, దొడ్డ మనసు" అనేవారు మీరు. మనసు కాదు తాతయ్యగారూ, ముక్కు. కాలి నాలుగో వేలు నాలాగే దానికీ పొట్టిగా ఉందా?

నెయ్యి అందింది.

మీ
భవాని

*

రెల్లులంక,
2008 ఆగస్టు 2.

భవానీ,

నీకు పెద్దరోగం అన్నవాడి ఊరూ పేరూ రాయి. కర్ర పుచ్చుకుని వస్తాను. మా ఇంటావంటా లేదు. ఆ మాట మన గుమ్మం దాటకూడదు. మీ అమ్మకి కూడా ఆ ముక్క వదిలేసి మిగతాది చదివి వినిపించాను. చదవడం నేనే కాబట్టి సరిపోయింది.

రాజోలు డాక్టరమ్మ ఎవరి పిల్లో కనుక్కున్నాను. ఏసుపాదం మాస్టారి అమ్మాయట. లెక్కల మాస్టారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆయన పేరు చెబితే అరచెయ్యి దులుపుకుంటారు. అయితే ఆ పిల్ల గట్టిదే అయి ఉంటుంది.

లావణ్యకి ఏమీ లేదు. వేలు పొట్టిదే. మీ ఇద్దరినీ ఒకే అచ్చులో పోశాడు దేవుడు, అందులో రోగమేముంది? రెండోసారి జారిన మాట నిజం. మూడోసారి నీళ్ళపొయ్యి రాయి తన్నుకుంది. సందేళకి గడప దాటొద్దన్నాను. ఇంక ఎందుకు పడుతుంది? వాసన అంటావా, మొన్న పాలు పొంగి మాడి ఇల్లంతా కమురు కంపైతే, పక్కనే పుస్తకం పెట్టుక్కూర్చుంది. "ఏమే, ముక్కుందా లేదా" అని అరిచాను. "చూసుకోలేదు తాతా" అంది. చదువులో పడితే అంతే.

ఏటికి ఎర్రనీరు వచ్చింది. పులస పడగానే మీ అమ్మచేత పులుసు పెట్టించి కుండతో పంపుతాను.

ఒకటి అడుగుతాను, తిన్నగా చెప్పు. "నెయ్యి అందింది" అని రాశావు. తిన్నానని రాయలేదు. తింటున్నావా?

తాత

*

విశాఖపట్నం,
2008 సెప్టెంబరు 9.

తాతయ్యగారికి,

తిన్నగా చెబుతున్నాను. తినడం లేదు. మీరు పంపినదంతా హాస్టల్లో పిల్లలకి పంచేస్తున్నాను. డాక్టరుగారికి అనుమానం వచ్చిన రోజే మానెయ్యమన్నారు. అనుమానమే కదా, మీ మనసు కష్టపెట్టడం దేనికని రాయలేదు. ఇప్పుడు నెత్తురు పరీక్ష వచ్చింది. అనుమానం కాదు.

ఈ జబ్బును రెఫ్సమ్ అంటారట. చాలా అరుదట, మన జిల్లాలో ఇంకొకరు ఉన్నట్టు ఆవిడకు తెలియదు. నాకు అర్థమైనట్టు రాస్తాను. పచ్చగడ్డిలో ఉండే పచ్చదనాన్ని గేదె పొట్ట ఒక రకం కొవ్వుగా మారుస్తుంది. అది పాలలోకీ, వెన్నలోకీ, నెయ్యిలోకీ వస్తుంది. మేక మాంసంలో, చేపలో కూడా ఉంటుంది. అందరి ఒళ్ళూ దాన్ని కరిగించేస్తుంది. మీకూ అమ్మకీ కరుగుతుంది. నాకు కరగదు, పుట్టుకతోనే ఆ శక్తి లేదు. నాన్నా అమ్మా మేనరికం కావడంతో ఇద్దరిలో దాక్కున్న లోపం నాలో కలిసిందట. కరగనిది నరాల్లో చేరి వాటిని లావెక్కించింది. కళ్ళలో చేరితే మసకవేళ చూపు పోతుంది, చెవుల్లో చేరితే వినికిడి పోతుంది. వాసన తెలియకపోవడం, పొట్టివేలు ఆ జబ్బు గుర్తులే.

తాతయ్యగారూ, ఎండుగడ్డి తిన్న గేదె నెయ్యికన్నా పచ్చగడ్డి తిన్న గేదె నెయ్యిలో అది ఎక్కువ. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

లావణ్యకీ ఇదే అని నా భయం. వాసన లేదు, మసకలో చూపు లేదు, వేలు పొట్టిది. దానికి కాళ్ళింకా బాగున్నాయి. నాకు పోయినవి దానికి పోకుండా ఆపవచ్చు. ముందు ఇక్కడికి తీసుకురండి. ఆ మిషనుతో నరాలు చూసి, నెత్తురు చూసి, ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో డాక్టరుగారు చెబుతారు. నెయ్యి మాత్రం ఈ రోజే ఆపండి. మిగతా మార్పులేవీ ఆవిడను అడగకుండా చెయ్యకండి.

పులస పంపకండి.

మీ
భవాని

*

రెల్లులంక,
2008 నవంబరు 11.

భవానీ,

జవాబు రాయకూడదనే అనుకున్నాను. కోపం పోయి కాదు, కార్తీకమాసంలో పగ పెట్టుకోకూడదని మీ అమ్మ పోరుతుంటే రాస్తున్నాను.

మా తాత లంకలో గేదెల్ని మేపాడు, మా నాన్న మేపాడు, నేను మేపాను. ఈ ఇంట్లో కర్రసాము నేర్చినవాళ్ళున్నారు, వరదలో గోదారి ఈదినవాళ్ళున్నారు. అందరూ ఈ నెయ్యి తిన్నవాళ్ళే. ఇప్పుడు నువ్వు అది విషమన్నావు. గోదారి గట్టున పుట్టి పులస కూడదన్నావు. మేనరికం తప్పన్నావు. మేనరికం చేశాను, ఊళ్ళో ఎవడు చెయ్యలేదు?

అయినా నీ మాట తీసెయ్యలేదు. నెయ్యి ఆపాను. పాలు ఆపాను. పెరుగు, చేప, మాంసం అన్నీ ఆపాను. ఇంకా ముందుకి వెళ్ళాను. ఒంట్లో విషం ఉంటే దానికి మందు లంఖణమే. లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అన్లేదు. లావణ్యచేత పొద్దున నిమ్మకాయ నీళ్ళు, రాత్రికి గ్లాసుడు జావ తాగిస్తున్నాను. దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే. పిల్ల మొండిది, నోరెత్తకుండా చేస్తోంది. సన్నబడింది. విషం దిగుతున్నట్టే కదా.

విశాఖపట్నం తీసుకురాను. నరాల పరీక్ష అంటే ఏ నరాలు, ఎందుకు అని ఊరు అడుగుతుంది. నీ మీద పడిన మాట దాని మీద పడనివ్వను. దానికి నేనే వైద్యం చేస్తాను.

తాత

*

విశాఖపట్నం,
2008 నవంబరు 17.

తాతయ్యగారూ,

ఈ కాగితం ధనరాజు చేతికిచ్చి, లారీ ఎక్కడా ఆపొద్దని దండం పెట్టాను. చదివిన వెంటనే లావణ్యకి అన్నం పెట్టండి. వెంటనే.

లంఖణం అందరికీ మందేమో, మాకు కాదు. ఆ కొవ్వు ఒంటి కొవ్వులో దాగి ఉంటుంది. తిండి లేక ఒళ్ళు కరిగితే అదంతా ఒక్కసారిగా నెత్తురులోకి దిగుతుంది. నెయ్యి తిన్నదానికన్నా ఎక్కువ. గుండెకు కూడా ముప్పని డాక్టరుగారు నా ముందే రాసి, కింద గీత గీశారు. ఇది మీకు ముందే రాయలేదు. మీరు కడుపు నింపుతారనే అనుకున్నాను గాని, కడుపు మాడుస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

అన్నం, కందిపప్పు, కంద, బంగాళాదుంప, అరటిపళ్ళు, బెల్లం, పచ్చికొబ్బరి. ఏది ఉంటే అది, కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టండి. పెట్టి తీసుకురండి. ఊరు ఏమంటుందో తరవాత చూసుకుందాం.

భవాని

*

రెల్లులంక,
2008 నవంబరు 18.

భవానీ,

ధనరాజు వచ్చేసరికి లావణ్య మంచం దిగలేకపోతోంది. నిన్న గుమ్మం దాకా వెళ్ళి కూలబడింది. మీ అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నీ కాగితం చదివి, నేనే పప్పన్నం కలిపి పెట్టాను. తింది. అరటిపండు తింది. మళ్ళీ తింది.

రేపు జొన్నాడలో బస్సెక్కుతాం. ధనరాజు ఈ పూటే బయలుదేరుతున్నాడు, ఇది వాడి చేతికి ఇస్తున్నాను. ప్రయాణం సంగతి విని పక్కింటి సింహాద్రి "ఎక్కడికండీ పిల్లని తీసుకుని" అని అడిగాడు. "నరాలు చూపించడానికి" అన్నాను. "ఏం నరాలండీ" అన్నాడు. "మనిషి నరాలు" అన్నాను.

డాక్టరమ్మని ఉండమను.

తాత

*

విశాఖపట్నం,
2009 జనవరి 20.

తాతయ్యగారికి,

మీరు ఊరు వెళ్ళాక లావణ్య ఇంకా తేరుకుంది. నెత్తురు బయటికి తీసి, అందులో చెడునీరు మార్చి తిరిగి ఎక్కించడం అయిపోయింది. గోడ పట్టుకోకుండా వార్డు చివరిదాకా నడుస్తోంది. మసకవేళ చూపు వెనక్కి రాదట, కానీ ఉన్నది నిలబడుతుందట. చెవులు బాగున్నాయి. నేను పెదాలు చూసి మాటలు పోల్చుకోవడం నేర్చుకుంటుంటే, పక్కన కూర్చుని నన్ను వెక్కిరిస్తోంది. నా అరికాళ్ళలో కూడా ఈమధ్య ఒక్కోసారి చీమలు పాకినట్టుంది. అది మంచిదేనని డాక్టరుగారు రాశారు.

రెండు సంగతులు అడగాలి.

స్కానింగు గదిలో ఆ రోజు మీరేదో అన్నారు. నాకు వినబడలేదు. మీరు చొక్కా చెయ్యి మడిచి బల్ల మీద పడుకోవడం చూశాను. డాక్టరుగారు నవ్వారు. తరవాత ఏడ్చినట్టున్నారు. లావణ్యను అడిగితే "తాతనే అడుగు" అంటుంది. ఏమన్నారు?

రెండోది లావణ్య అడగమన్నది. మన నెయ్యి వాసన రేవు దాకా వస్తుందని ఊరందరికీ చెప్పేవారు కదా. మా ఇద్దరికీ అది ఎన్నడూ తెలియలేదు. మీరు "ఎలా ఉందే?" అని మొహంలోకి చూస్తారని "బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్ళం. ఇంక ఎటూ తినం. అది ఎలా ఉంటుందో చెప్పమంటోంది.

మీ
భవాని

*

రెల్లులంక,
2009 ఫిబ్రవరి 8.

అమ్మాయ్ భవానీ,

నీకు వినబడనిది వినబడినట్టు రాస్తాను.

లావణ్య ఆ గదిలో ముడుచుక్కూర్చుంది. "తాతా, ఊళ్ళో పెద్దరోగం అంటారేమో" అంది. చెయ్యి చాపలేదు. నీ సంగతి దానికి ఎప్పుడు తెలిసిందో, నేను దాచాననుకున్నాను. అప్పుడు చొక్కా మడిచి నేను బల్లెక్కాను.

"మీకెందుకండీ తాతగారూ? మీకు జబ్బు లేదు కదండీ" అంది డాక్టరమ్మ.

"ఉందో లేదో నీ మిషను చెప్పాలి. ముందు నాది చూడు. ఆ తరవాత ఎవడేమన్నా ముందు నన్ననాలి."

"ఆయ్, అలాగేనండి" అని జిగురు రాసింది. నత్త పాకినట్టుంది. తెర మీద నా నరం చూపించింది. నువ్వు రాసినట్టే ఉంది, అరటి డొప్ప. "మీ పేరేంటండీ" అంది. "చిన్నబ్బాయి" అన్నాను. "నరం కూడా చిన్నబ్బాయిదేనండి. ఇంత వయసులో ఇంత శుభ్రంగా ఉన్నది నేను చూళ్ళేదు" అంది. నవ్వింది అక్కడే.

"అంత బాగుంటే తీసి దానికి వెయ్యి. నాకింక దీంతో పనేముంది?" అన్నాను.

"అలా వెయ్యడం కుదరదండీ."

"మరెందుకమ్మా ఈ మిషను? చూడటానికేనా?"

"చూడటానికేనండి. అక్కగారి నరం చూడబట్టే కదండీ, చెల్లెల్ని ఇంత తొందరగా తీసుకొచ్చేరు."

తొందరగా అంది. లంఖణం సంగతి ఆవిడకి తెలుసు. అయినా తొందరగా అంది. మాస్టారి పెంపకం. ఆవిడ ఏడవలేదు, కళ్ళజోడు తుడుచుకుంది. ఏడ్చిందెవరో నువ్వు చూడలేదు, అంతవరకు మేలు. "ఇంక లే తాతా, నా వంతు" అని లావణ్య నన్ను దిగ్గొట్టింది. దాని నరం ఉబ్బే ఉంది, నీ అంత లేదు. అంతవరకు నీకు తెలిసిందే.

గేదెను అమ్మలేదు. దాని తప్పేముంది, గడ్డి తింది. పాలు కేంద్రంలో పోస్తున్నాం. ఇంట్లో నెయ్యి కాయడం లేదు. మీ అమ్మ "మీకేం కాదు కదా, మీరు తినండి" అంది. నాకొక్కడికీ ఎందుకు?

ధనరాజు తెచ్చే డబ్బా అదే డబ్బా, భయపడకు. నేనే బూడిద వేసి తోమి, ఎండబెట్టాను. అందులో ఉన్నది కొబ్బరినూనె. మన చెట్ల కాయలే, అంబాజీపేటలో దగ్గర నిలబడి ఆడించాను. చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని దీన్ని తలకి రాసుకోవడమే గాని కూరలో పోసినవాడు మన లంకలో లేడు. "మలయాళం వాళ్ళలా ఇదేం వంట" అని మొదటిరోజు కంచం తోసేశాను. రెండోరోజు ఆకలేసి తిన్నాను. ఇప్పుడు కంద వేపుడు దాంతోనే బాగుంది. మీ ఇద్దరికీ ఇది పడుతుందని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. సింహాద్రి వచ్చి "అమ్మాయిలకి ఏం రోగమండీ" అంటే, "గడ్డి పచ్చదనం పడదు" అని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. అర్థం కాని మాటని ఊళ్ళో మోసుకు తిరగలేరు.

ఇంక రెండోది. మూడుసార్లు రాసి చింపాను. వాసనకి పోలిక ఇంకో వాసనే, మీకు ఏదీ తెలియదాయె. అందుకని ఇలా రాస్తున్నాను. చిన్నప్పుడు నీకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం వదిలాక మొదటిసారి ఆకలేసి, దుప్పటి ఈడ్చుకుంటూ వంటింటి గుమ్మంలోకొచ్చి కూర్చున్నావు. మీ అమ్మ వేడన్నం కంచం తెచ్చి నీ ముందు పెట్టింది. అప్పుడు నీకు కడుపులో ఎలా ఉందో, మాకు ఆ వాసన అలా ఉంటుంది. లావణ్యకైతే మొన్న నేను పప్పన్నం కలిపి పెట్టిన పూట గుర్తు చేసుకోమను.

కొబ్బరినూనెకి అంత లేదు. అలవాటైతే వస్తుందేమో.

వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నరం మంచిదేనట, చెయ్యే ముసలిది. మళ్ళీ రాయండి, ఇద్దరూ చెరో కాగితం మీద.

తాత
చిన్నబ్బాయి